కంబళి కప్పని పిండి

మా తాతయ్య గాస్పరె ఏ ఇంజిన్ పని మొదలుపెట్టినా మధ్యలో ఒకసారి వంటింట్లోకి రావలసిందే. షెడ్డులోంచి పెరడు దాటి, చేతులు పాత గుడ్డకు తుడుచుకుంటూ, టోపీ కూడా తియ్యకుండా వచ్చి, అమ్మమ్మ ముందు అరచెయ్యి చాపి నిలబడేవాడు. అమ్మమ్మ మకరోనీ పిండిలోంచి నిమ్మకాయంత ముద్ద తుంచి ఆ చేతిలో పెట్టేది. గట్టి గోధుమ పిండి, నీళ్ళు, అంతే. అది రాయిలా ఉండేది. ఆయన దాన్ని తీసుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయేవాడు. ఇందులో వింతేముందో మా ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు. పక్కింటివాళ్ళు పిండితో మకరోనీ చేసుకునేవాళ్ళు. మేము మకరోనీ చేసుకుని, మిగిలినదానితో ఇంజిన్లు చేసుకునేవాళ్ళం.

తాతయ్య చేసేవన్నీ బుల్లి ఫియట్ ఇంజిన్లే. మేము చింక్వెచెంతో అంటాం. దాని వెనక, డిక్కీ ఉండాల్సిన చోట రెండే రెండు సిలిండర్ల ఇంజిన్ ఉంటుంది. ఫ్యాక్టరీలోంచి వచ్చినప్పుడు దాని బలం కుట్టుమిషన్ కంటే కాస్త ఎక్కువ. మా కొండల మీద జనానికి ఆ బలం చాలదు. అందుకని ప్రతి ఊళ్ళోనూ ఒక మాస్త్రు, అంటే చేతిపని తెలిసిన పెద్దమనిషి, ఉంటాడు. సిలిండర్లు వెడల్పు చేసి లావు పిస్టన్లు దింపుతాడు. పెద్ద కార్బురేటర్ పెడతాడు. వాల్వుల్ని ఇంకా లోతుకు దించే కామ్ షాఫ్టు వేస్తాడు. సిలిండర్ల మీద మూతలా కూర్చునే హెడ్ అడుగును చెక్కి కిందికి దించుతాడు. లోపల చోటు ఎంత తగ్గితే పెట్రోలు అంత గట్టిగా పేలుతుంది. ఇదంతా అయ్యాక కుట్టుమిషన్ కాస్తా పిచ్చికుక్క అవుతుంది. మే నెలలో వంతెన దగ్గర్నుంచి మఠం దాకా కొండ ఎక్కే పందెం పెట్టి, ఒక్కో కారునూ విడిగా పంపి, ఎవరి కుక్క తక్కువ సేపట్లో చేరుతుందో చూస్తారు.

చిక్కంతా హెడ్ దగ్గరే ఉంది. వాల్వు ఎక్కువ లోతుకు దిగుతుంది. హెడ్ కూడా కిందికి వచ్చింది. పిస్టన్ తన పద్ధతిలో పైకి వస్తూనే ఉంటుంది. ఇరుకు సందులో రెండు బళ్ళు ఎదురుపడినట్టు అన్నమాట. మధ్యలో పిసరంత ఖాళీ మిగలాలి. మిగలకపోతే వాల్వు పిస్టన్‌ను గుద్దుకుని, తల తెగి లోపల పడుతుంది. ఇంజిన్ ఉన్నపళంగా బిగుసుకుపోతుంది. వెనక చక్రాలు తిరగడం మానేస్తాయి. పందెం దారిలో గాడిద మలుపు దగ్గర అలా జరిగితే పక్కన మోకాలెత్తు గోడ, గోడ అవతల లోయ. ఆ గోడలో ఒకచోట రాళ్ళు కొత్తగా, తెల్లగా ఉంటాయి. వేరే ఊరి మాస్త్రు చేసిన ఇంజిన్ అక్కడే బిగుసుకుంది. ఆ కారు నడిపినాయన ఇవాళ్టికీ కర్ర పట్టుకునే నడుస్తాడు.

ఆ ఖాళీ ఎంత ఉందో తొంగి చూసి చెప్పలేం. పిండి అందుకే. పిస్టన్ నెత్తిన పిండి బిళ్ళ అంటించి, హెడ్ బిగించి, ఇంజిన్‌ను చేత్తో మెల్లగా తిప్పితే వాల్వు వచ్చి పిండిలో అచ్చు వేసి పోతుంది. హెడ్ విప్పి, ఆ అచ్చును కత్తితో కోసి, అన్నిటికన్నా పల్చటి చోట మందం కొలవాలి. అదే ఖాళీ. మిగతా మాస్త్రులు పిల్లలు బొమ్మలు చేసుకునే మైనం వాడతారు. అది కత్తికి అంటుకుంటుందని తాతయ్యకు కోపం. ఆయన పిండి పెట్టి, ఇంజిన్ తిప్పి, హెడ్ విప్పకుండానే భోజనానికి వచ్చేవాడు. తిని, ఒక కునుకు తీసి, అప్పుడెళ్ళి విప్పేవాడు. ఆ పాటికి పిండి ఆరి జున్నుముక్కలా తెగేది.

"నేను పడుకుంటే నా పిండి పని చేస్తుందే" అనేవాడు నాతో.

"మీ ఇద్దర్లో పిండే నయం తాతయ్యా" అనేదాన్ని.

నేను బడి మధ్యలో మానేశాను. బడే నన్ను మానేసిందని మా అమ్మ అంటుంది. ఎలాగైతేనేం, పగలంతా షెడ్డులోనే ఉండేదాన్ని. ఆయనకు స్పానర్లు అందించడం, తప్పు స్పానరు అందిస్తే తిట్లు తినడం, తిట్లకు బదులు చెప్పడం నా ఉద్యోగం.

తాతయ్య గొప్పంతా నిశ్శబ్దంలో ఉంది. ఆయన తండ్రి గుర్రబ్బళ్ళకు చక్రాలు చేసేవాడు. తన చేతి చక్రం ఎక్కడైనా కిర్రుమన్నదని తెలిస్తే ఆ వీధిలో తల ఎత్తుకుని నడిచేవాడు కాదట. ఆ పిచ్చి కొడుక్కు వచ్చింది. తాతయ్య వయసులో ఉండగా ఉత్తరాదికి వెళ్ళి, కార్ల ఫ్యాక్టరీలో కొన్నాళ్ళు చేసి తిరిగొచ్చేశాడు. పొగమంచులో ఏ చప్పుడు ఎటునుంచి వస్తోందో తెలియడం లేదని వచ్చేశానంటాడు. వాదించడానికి అక్కడ ఎవరూ దొరక్క వచ్చేశాడని అమ్మమ్మ అంటుంది. ఆ తర్వాత ఊళ్ళో నూనె గానుగల పంపులు, జున్ను బళ్ళు, ఫాదర్ గారి మోటారు సైకిలు, అన్నీ ఆయన చేతి మీదుగానే నడిచాయి. ఏదీ టకటకమనకూడదు.

"చప్పుడంటే ఏంటనుకున్నావే నెద్దా? కలవకూడని రెండు వస్తువులు లోపలెక్కడో కలుస్తున్నాయని ఇంజిన్ ఏడవటం" అనేవాడు నాతో.

వాల్వుల్ని పైనుంచి నొక్కే టాపెట్ల సందు కొలవడానికి రేకుల కట్ట అమ్ముతారు. అందులో పల్చటివీ మందపువీ బోలెడు ఉంటాయి. తాతయ్య పల్చటివి రెండు ఉంచుకుని తక్కినవన్నీ పారేశాడు. అవి చప్పుడంటే ఇష్టం ఉన్నవాళ్ళకట.

పందెం రోజు కారు బయల్దేరే ముందు ఆయన ఒక తమాషా చేసేవాడు. ఇంజిన్ నడుస్తుండగా దాని నెత్తిన చిన్న కప్పులో కాఫీ పెట్టేవాడు. ఆ రెండు సిలిండర్ల ఇంజిన్ మామూలుగా మలేరియా వచ్చినట్టు వణుకుతుంది. తాతయ్య ఇంజిన్ మీద కప్పు గిరగిరా నాట్యం చేసేది గానీ ఒక్క చుక్క ఒలికేది కాదు. జనం చుట్టూ మూగి చూసేవాళ్ళు. చివరికి ఆయన ఆ కాఫీని పక్కూరి మాస్త్రు సావెరియో చేతికిచ్చి "తాగు, చల్లారలేదులే" అనేవాడు. నేను చెప్పబోయే పందేనికి ముందు ఏడు సావెరియో ఆ కాఫీ తాగి, మూతి తుడుచుకుని, పందెం గెలుచుకుని వెళ్ళాడు. తాతయ్య ఏడాదంతా అదే నమిలాడు.

మా కారు నడిపేది వెనెరా పిన్ని, తాతయ్య చిన్న కూతురు. మామూలు రోజుల్లో బడి బస్సు నడుపుతుంది. ఆ బస్సులో పిల్లలు తుమ్మడానికి కూడా పిన్ని అనుమతి అడుగుతారు.

ఈసారి సావెరియోను కొట్టాల్సిందేనని తాతయ్య చలికాలం నుంచే మొదలుపెట్టాడు. తీరా చూస్తే పందెం కారు ఇంజిన్ కేసుకు, అంటే బయటి పెట్టెకు, పగులు కనపడింది. పగుళ్ళు లేని కేసు ఆయనకు తెలిసి ఊళ్ళో ఒక్కటే ఉంది. అది అమ్మమ్మ కారులో ఉంది.

అమ్మమ్మ నిన్ఫా పెళ్ళిబట్టలు కుట్టి కుట్టి తన సంపాదనతో కొనుక్కున్న లేత నీలం చింక్వెచెంతో అది. సంతకు, అత్తల ఊరికి అందులోనే వెళ్ళేది. ఒకరోజు పొద్దున్న గుడిలో పూజ చూసుకుని నడిచి వచ్చేసరికి ఆ కారు వెనక భాగం ఖాళీగా ఉంది. మా కోళ్ళు అప్పటికే లోపల గదులు చూసుకుంటున్నాయి.

అమ్మమ్మ అరవలేదు. అరిచి ఉంటే తాతయ్య ఎంతో సంతోషించేవాడు. ఆవిడ మాట్లాడటం మానేసింది. ఆయనా పౌరుషానికి పోయి షెడ్డులో సోఫా మీద పడక వేశాడు. పోతూ పోతూ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పెద్ద ఉన్ని కంబళి చుట్టబెట్టుకుని పోయాడు.

అప్పట్నుంచి ఇద్దరికీ మధ్య తపాలా బంట్రోతును నేనే.

"నెద్దా, ఆ మనిషికి చెప్పు. సూపు చల్లారిపోతోందని."

"తాతయ్యా, సూపు చల్లారిపోతోందట."

"ఆవిడకి చెప్పు. నాకు ఆకలి లేదని."

"అమ్మమ్మా, గిన్నె నిండా పొయ్యమంటున్నాడు."

మా వైపు రొట్టె పిండి కలిపాక దాన్ని పడుకోబెడతారు. పాత పిండి ముద్ద కలిపి పులియబెడతారు కాబట్టి వెచ్చగా ఉంటేనే పొంగుతుంది. అందుకని గుడ్డ కప్పి, పైన ఉన్ని కంబళి కప్పి, పసిబిడ్డలా చూసుకుంటారు. మకరోనీ పిండికి ఆ గారాబం లేదు. ఉత్త గుడ్డ చాలు. కంబళి కింద ఉంటే రొట్టె, గుడ్డ కింద ఉంటే మకరోనీ. ఇది మా ఇంట్లో పాకే పిల్లకు కూడా తెలుసు. తాతయ్యకైతే మరీ బాగా తెలుసు.

పందేనికి ముందు గురువారం ఇంజిన్‌కు పిండి కావలసి వచ్చింది. అమ్మమ్మ ముందు అరచెయ్యి చాపే ముఖం ఆయనకు లేదు. ఆవిడ వీధిలోకి వెళ్ళేదాకా పెరట్లో తచ్చాడి, వంటింట్లో దూరాడు. బల్ల మీద గుడ్డ కప్పిన ముద్ద కనపడింది. కంబళి లేదు. నిమ్మకాయంత తుంచుకుని, గుంట కనపడకుండా చేత్తో సవరించి, గుడ్డ మళ్ళీ కప్పి వచ్చేశాడు. మా రొట్టె పిండి కూడా గట్టి గోధుమదే, పైగా అప్పుడే కలిపింది కాబట్టి చేతికి తేడా తెలియలేదు. ముక్కు చెప్పి ఉండేదేమో గానీ, ఏళ్ళ తరబడి పెట్రోలు పీల్చిన ఆ ముక్కు ఎప్పుడో సెలవు పెట్టేసింది.

ఎప్పటిలాగే పిండి పెట్టాడు, హెడ్ బిగించాడు, ఇంజిన్ తిప్పాడు. ఎప్పటిలాగే కునుకు తీశాడు. లేచి విప్పి కొలిచి, కొలత పరికరం నా ముఖం ముందు ఊపాడు.

"చూశావా, ఎంత చోటు మిగిలిందో! ఇంకా చెక్కొచ్చు. సావెరియో ఈ ఏడు కాఫీతోపాటు కప్పు కూడా మింగుతాడు."

మిగిలిన చోటులో సగం చెక్కేశాడు. మళ్ళీ పిండి పెట్టి చూడలేదు. తీసివేత లెక్కే కదా అన్నాడు. లెక్క సరైనదే.

శనివారం సాధన పరుగు. పిన్ని పైకి వెళ్ళి వచ్చి, హెల్మెట్ తీసి, మొదటి మాటగా "నాన్నా, రెండో గేరులో బాగా లాగినప్పుడు ఏదో టిక్కుమంటోంది" అంది.

"సైలెన్సర్ బిగింపు అయ్యుంటుంది."

"సైలెన్సర్ చప్పుడు నాకు తెలుసు. ఇది లోపల్నుంచి. గోటితో గాజు మీద కొట్టినట్టు, ఒక్కసారే."

తాతయ్య సైలెన్సర్ బిగించాడు. ప్లగ్గులు విప్పి చూశాడు. శుభ్రంగా ఉన్నాయి. అమ్మమ్మ చెక్క గరిటె కాడ ఇంజిన్‌కు ఆనించి, రెండో కొస చెవిలో పెట్టుకుని చాలాసేపు విన్నాడు. అది ఆయన డాక్టర్ గొట్టం. ఏమీ వినపడలేదు. కానీ ఆ సాయంత్రం నేను రెండుసార్లు తప్పు స్పానరు అందించినా ఒక్క తిట్టూ తిట్టలేదు.

ఆదివారం వంతెన దగ్గర కార్లు బారులు తీరాయి. పిన్ని సీట్లో కూర్చుని బెల్టు బిగించుకుంది. ఇంజిన్ వేడెక్కించి ఆపాం. మా వెనక రెండు కార్ల అవతల సావెరియో తన కారుకు ఆనుకుని నిలబడి, కాఫీ కోసం మా వైపే చూస్తున్నాడు. అమ్మమ్మ గంపతో వచ్చింది. మొగుడితో మాటల్లేకపోయినా కూతురి పందెం మానదు. కారుకు ఈ పక్క ఆవిడ, ఆ పక్క ఆయన, మధ్యలో నేను.

"నెద్దా, ఆ మనిషికి ఒక ముక్క పెట్టు. ఖాళీ కడుపుతో కళ్ళు తిరిగి నా కూతురి కారు మీద పడగలడు."

రొట్టె, ఆలివ్ కాయలు, జున్ను ఇచ్చాను. తాతయ్య కొరికి నమిలాడు.

"ఆవిడకి చెప్పు. ఈ వారం రొట్టె ఇటుకలా ఉందని."

"రొట్టెకి కంబళి కావాలని చెప్పు ఆ మనిషికి. నా కంబళి ఎవరి కాళ్ళ మీద గురక పెడుతోందో ఆయన్నే అడుగు. ఉత్త గుడ్డ కప్పితే ఇంతే పొంగుతుంది. చాలదన్నట్టు ఎవరో ముద్ద తుంచుకుపోయారు. గుంట కూడా సవరించి మరీ పోయారు, శుభ్రమైన దొంగలు."

తాతయ్య నోట్లో రొట్టెతోనే నవ్వబోయాడు. "నేను తీసింది మకరోనీ పిండి అని చెప్పు. ఆవిడ రొట్టె జోలికి నేను పోలేదు."

"మకరోనీయా? గురువారం నేను మకరోనీ ఎక్కడ చేశాను? ఎవరున్నారని చెయ్యాలి? నేనూ ఈ పిల్లా ఈ వారమంతా పప్పు సూపే తాగాం."

నమలడం ఆగిపోయింది.

నేను ఆయన ముఖం చూశాను. ఆయన నన్ను దాటి, కారు పైనుంచి నేరుగా అమ్మమ్మను చూశాడు.

"నిన్ఫా, ఆ గుడ్డ కింద ఉన్నది రొట్టె పిండా?"

"రొట్టె పిండే."

"పాత ముద్ద కలిపేశావా?"

"కలపకపోతే రొట్టెలా అవుతుంది?" అని ఎగతాళిగా అనేసి, ఆయన్ను చూసి గొంతు తగ్గించింది. "ఏమైంది గాస్పరె?"

ఏమైందో నాకూ తెలిసిపోయింది. ఆయన సోఫా మీద కంబళి కప్పుకుని పడుకున్నంతసేపూ ఇంజిన్ లోపల పిండి పొంగుతూ ఉంది. వాల్వు వేసిన గుంట మెల్లగా పూడుతూ వచ్చింది. ఆయన లేచి కొలిచింది ఖాళీని కాదు, ఉబ్బిన పిండిని. లేని చోటు ఉందనుకుని, ఉన్నదాంట్లోంచి చెక్కేశాడు. శనివారం పిన్ని విన్న టిక్కు, వాల్వు వెళ్ళి పిస్టన్‌ను గోకిన చప్పుడు. సాధనలో పిన్ని ఇంజిన్‌ను పూర్తిగా లాగలేదు. పందెంలో లాగుతుంది. ఎంత వేగంగా తిరిగితే వాల్వు అంత ఆలస్యంగా వెనక్కి వస్తుంది.

తాతయ్య రొట్టె ముక్క నా చేతిలో పెట్టి, కారు కిటికీ దగ్గర వంగాడు.

"వెనెరా, దిగు."

"ఏంటి నాన్నా?"

"దిగమన్నాను. ఈ కారు పైకి వెళ్ళదు. నేను తప్పు కొలిచాను."

ఆయన గొంతు మామూలుగానే చిన్నది కాదు. ముందు కారువాళ్ళు వెనక్కి తిరిగారు. సావెరియో ఆనుకున్నవాడు నిటారుగా నిలబడ్డాడు. గాస్పరె నోట ఆ మాట ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ విని ఉండరు.

పిన్ని దిగలేదు. "నిన్నటి టిక్కు అదేనా?"

"అదే."

"బాగుచెయ్యగలవా, లేదా? అది చెప్పు ముందు. దిగడం సంగతి తర్వాత."

హెడ్ విప్పే సమయం లేదు. జెండా మనిషి ఒక్కో కారునూ పంపుతూనే ఉన్నాడు. తాతయ్య చూపు ఇంజిన్ మీద టాపెట్ల మూత దగ్గర ఆగింది. అక్కడే ఉండిపోయింది. ఏం ఆలోచిస్తున్నాడో నాకు అర్థమైంది, ఎందుకు కదలడం లేదో కూడా అర్థమైంది. టాపెట్ల సందు పెంచితే వాల్వు అంత లోతుకు దిగదు. ఎంత పెంచితే అంత చోటు తిరిగొస్తుంది. బలం కొంత పోతుంది. దాంతోపాటు సందు పెరిగిన ప్రతి టాపెట్టూ సుత్తిలా కొట్టుకుంటుంది. ఆ చప్పుడుతో ఇంజిన్ ఊరందరి ముందునుంచీ కొండ ఎక్కాలి. గాస్పరె ఇంజిన్.

"నెద్దా, పదమూడో నంబరు స్పానరు."

సరైనదే అందించాను.

మూత విప్పాడు. ఇంజిన్ ఇంకా వేడిగా ఉంది. వేలు తగలగానే చురుక్కుమన్నట్టుంది, చెయ్యి విదిలించి మళ్ళీ పెట్టాడు. జేబులోంచి రేకులు తీశాడు. ఆ రెండూ, పల్చటివి.

"ఇంకొకటి కావాలి. మందంది."

"పారేశావుగా, చప్పుడు ఇష్టపడేవాళ్ళకని" అన్నాను. నోరు ఊరుకోదు నాది.

"ఇప్పుడు కాదే దెయ్యమా!"

అమ్మమ్మ అప్పటికే గంపలోంచి ప్రార్థన పుస్తకం తీసి, పేజీల మధ్య వెతుకుతోంది. పునీత రీటా బొమ్మ ఉన్న కార్డు ఒకటి బయటికి తీసింది. పాతకాలపు మందపాటి అట్ట, అంచున బంగారు గీత. తాతయ్య దాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. రేకుల పక్కన పెట్టి మళ్ళీ నలిపాడు.

"సరిపోతుంది."

"ముఖం మీద నూనె పడనివ్వకు."

"ముఖం నావైపే ఉంచుతాను. నన్ను చూసి జాలిపడుతుందేమో."

ఆ అవస్థలోనూ అమ్మమ్మ పెదవి కొస కదిలింది. నేను చూశాను.

నాలుగు వాల్వులు. నేను పుల్లీ పట్టుకుని ఇంజిన్ తిప్పుతుంటే ఆయన నట్టు వదులు చేసి, రేకూ కార్డూ కలిపి సందులో పెట్టి, బిగించి, లాగి చూసి, "తిప్పు" అనేవాడు. చెమట ముక్కు మీంచి జారి వేడి ఇంజిన్ మీద సుయ్యిమనేది. మూడో వాల్వు దగ్గర నట్టు జారింది. మొదట్నుంచీ మళ్ళీ చేశాడు.

"మాస్త్రూ, మీ ముందు రెండే కార్లున్నాయి!" జెండా మనిషి అరిచాడు.

"పంపుకో!"

నాలుగోది అయింది. మూత బిగించేసరికి మా ముందు ఖాళీ రోడ్డు మాత్రమే ఉంది. కార్డు మీద పునీత రీటా నడుముకు అడ్డంగా ఒక మడత పడింది. ముఖం మాత్రం శుభ్రంగా ఉంది. అమ్మమ్మ దాన్ని గుడ్డతో తుడిచి పుస్తకంలో పెట్టుకుంది.

తాతయ్య మళ్ళీ కిటికీ దగ్గరకు వెళ్ళాడు. "మీటరు మీద ఏడువేల గీత దాటకు. దాటితే ఈ సందు కూడా కాపాడదు."

"సావెరియో కారు ఎనిమిది దాకా లాగుతుంది నాన్నా."

"లాక్కోనీ."

"సరే."

"సరే అని నాకు కాదు, మీ అమ్మకి చెప్పు."

పిన్ని హెల్మెట్‌లోంచి తల తిప్పింది. "ఏడు దాటనమ్మా. ఒట్టు."

ఇంజిన్ అందుకుంది. అబ్బా, ఏం చప్పుడది! రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టు టకటకటకమని మోత. గోడ మీద కూర్చున్న కుర్రాళ్ళు చెవులు మూసుకుని నవ్వారు. తాతయ్య చెవులు టమాటాల్లా ఎర్రబడ్డాయి.

"మాస్త్రు గాస్పరె! లోపల ఎవరో తలుపు కొడుతున్నారు, తియ్యి పాపం!" సావెరియో అరిచాడు. "నా కాఫీ ఏదీ?"

అమ్మమ్మ ఫ్లాస్కులోంచి కప్పులో పోసి తాతయ్య చేతికిచ్చింది. జనమంతా ఆ కప్పు వైపే చూస్తున్నారు. తాతయ్య ఒకసారి ఇంజిన్‌ను చూశాడు, ఒకసారి కప్పును చూశాడు. గటగటా తానే తాగేశాడు.

"ఈ ఏడు నాకే కావాలి" అన్నాడు.

జెండా పడింది. కారు దూకింది.

రోడ్డు మాకు మొదటి రెండు వంపుల దాకానే కనిపిస్తుంది. తర్వాత కొండ. అక్కడ్నుంచి అంతా చెవుల పనే. టకటక కొండ వెనక్కి పోయి, బాదం తోటల పైన మళ్ళీ తేలింది. గేరు మారింది. మళ్ళీ టకటక. గోడ మీద కుర్రాళ్ళు ఇంకా వెక్కిరిస్తూనే ఉన్నారు, నాలికతో టక్కుటక్కుమంటూ. తాతయ్య వాళ్ళవైపు తిరిగి "నోరు ముయ్యండ్రా, వినపడట్లేదు!" అని గర్జించాడు. జీవితమంతా ఏ చప్పుడును ఇంజిన్లలోంచి వెళ్ళగొట్టాడో, ఆ చప్పుడు కోసమే మెడ చాపి వింటున్నాడు. అది వినపడుతున్నంతసేపూ అక్కడ ఇంజిన్ తిరుగుతోంది. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ పిన్ని రోడ్డు మీదే ఉంది.

గాడిద మలుపుకు ముందు ఒక పెద్ద బండ ఉంది. ఏ కారైనా దాని వెనక్కి వెళ్ళగానే చప్పుడు కత్తిరించినట్టు ఆగిపోతుంది. ప్రతి కారుకూ అంతే. మాకది తెలుసు.

ఆగిపోయింది.

అమ్మమ్మ చెయ్యి ప్రార్థన పుస్తకం మీద ఉంది. తాతయ్య చెయ్యి, కాలిన వేళ్ళతో సహా, అమ్మమ్మ జబ్బ పట్టుకుని ఉంది. ఎప్పుడు పట్టుకున్నాడో నేను చూడలేదు. సావెరియో నవ్వడం మానేసి టోపీ చేతిలోకి తీసుకున్నాడు. అంతకుముందు కార్లకు ఇంతసేపు పట్టిందా? పట్టలేదనిపించింది. లోయలో ఎక్కడో మేకల గంటలు వినపడుతున్నాయి. ఆ మేకలన్నిటినీ పట్టుకుని గొంతులు నొక్కాలనిపించింది నాకు.

"నెద్దా," అన్నాడు తాతయ్య. "నీవి కుర్ర చెవులు. ఏమైనా..."

"లేదు తాతయ్యా."

అప్పుడు పైన, చాలా పైన, మఠం గోడ దగ్గర, ఎవరో డబ్బాలో గులకరాళ్ళు ఆడించారు.

తాతయ్య అక్కడే రాళ్ళ మీద కూర్చుండిపోయాడు. అమ్మమ్మ ఆయన టోపీ తీసి, దాంతోనే ఆయన ముఖం తుడిచి, మళ్ళీ నెత్తిన పెట్టింది.

అందరి సమయాలూ చూస్తే మా కారు రెండోదిగా నిలిచింది. మొదటిది సావెరియోదే. పిన్ని దిగి వచ్చి బానెట్ మీద చెయ్యేసి నిలబడి, "మఠం ముందు తిన్నటి రోడ్డు మీద ఇంజిన్ ఇంకా లాగనా అంది. నాకు ఏడుపొచ్చింది. అయినా దాటలేదు" అంది. తాతయ్య కూతురి వైపు చూడలేక కారు చక్రాన్ని చూస్తూ తలూపాడు.

మర్నాడు హెడ్ విప్పుతుంటే సావెరియో వచ్చాడు, పిలవకుండానే. రెండు పిస్టన్ల నెత్తినా నెలవంకల్లాంటి గీతలున్నాయి, గోటితో నొక్కినట్టు. అన్నీ మసి పట్టి ఉన్నాయి, శనివారంవి. ఆదివారం పడ్డ కొత్త గీత ఒక్కటీ లేదు. పిన్ని ఒక్కొక్క దాన్నీ వేలితో తడిమి చూసి, షెడ్డు బయటికెళ్ళి నిలబడింది. సావెరియో పిస్టన్‌ను వెలుతురులోకి తిప్పి చాలాసేపు చూశాడు.

"ఇంకొంచెం లాగి ఉంటే..." అన్నాడు.

"తెలుసు."

"నేనైతే పంపేవాణ్ణేమో మాస్త్రూ, నోరు మూసుకుని." పిస్టన్ బల్ల మీద పెట్టాడు. "ఈసారి పిండి మా ఆవిణ్ణి అడుగు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ కలిపిన పిండి ఒక్కసారీ పొంగలేదు" అన్నాడు.

"నీ ముఖం చూసి పొంగుతుందా ఏ పిండైనా?" అంది పెరట్లోంచి అమ్మమ్మ.

ఆ సాయంత్రం తాతయ్య కంబళి మడిచి చంకలో పెట్టుకుని వంటింటి గుమ్మం దగ్గరకు వచ్చాడు. అమ్మమ్మ దాన్ని ముక్కు దగ్గరకు తీసుకుని వాసన చూసింది.

"పెట్రోలు. ఉతుక్కుని రా."

పెరట్లో తొట్టి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఆ వయసులో, కంబళి కుమ్మి కుమ్మి ఉతికాడు. నేను ఎదురుగా కూర్చుని ఆలివ్ కాయలు తింటూ ఏ మూల మురికి ఉందో చూపించాను. రాత్రి సోఫా ఖాళీగా ఉంది. కోళ్ళు అమ్మమ్మ కారు ఖాళీ చేసి ఆ సోఫా మీదికి మారాయి.

ఇప్పుడూ ఇంజిన్‌కు పిండి కావలసి వస్తే తాతయ్య వంటింట్లోకే వస్తాడు. టోపీ తీసి వస్తాడు. అమ్మమ్మ ముద్ద తుంచి వెంటనే ఇవ్వదు. వేలితో మధ్యలో నొక్కి, ఆ గుంట వంక చూస్తూ ఊరుకుంటుంది. పొయ్యి మీద కాఫీ పొంగినా కదలదు. గుంట గుంటలాగే ఉండిపోయిందని నమ్మకం కుదిరాక, "ఊఁ, చచ్చిన పిండే. తీసుకెళ్ళు" అంటుంది. అంతసేపూ ఆయన టోపీ పట్టుకుని, పరీక్ష రాసిన కుర్రాడిలా నిలబడతాడు.